సరి ఏట వచ్చిన ఒడిబియ్యం

నాకు క్యాన్సర్ వచ్చి అయిదేళ్లు దాటింది. అది ఎముకల్లోకి చేరి మూడేళ్లు దాటింది. ఇక పూర్తిగా పోదని డాక్టర్లు చెప్పేసిన ఈ జబ్బుతోనే ఈ రోజు పొద్దున కూడా ముప్పై మందికి జొన్నరొట్టెలు చేశాను. గొప్పకోసం చెప్పడం లేదు అని రాయబోయాను గానీ, కొంచెం గొప్పకోసమే. సూరత్ గోడాదరాలో మా మెస్సులో తిన్నవాళ్లెవరినైనా అడగండి, భాగ్యక్క చెయ్యి ఎట్లాంటిదో, నోరు ఎట్లాంటిదో రెండూ చెబుతారు.

మాది పరకాల దగ్గర పల్లె. పదో తరగతి దాకా చదివాను. పెళ్లయిన రెండో ఏడే మా ఆయన రాజేశంతో ఇక్కడికి వచ్చేశాను. ఆయన మరమగ్గాల కార్ఖానాలో మేస్త్రీ, మగ్గం మొరాయిస్తే బాగుచేసే పని. మా వైపు నుంచి వచ్చి, పెళ్లాం పిల్లల్ని ఊళ్లో వదిలి, ఒక్కో ఖోలీ గదిలో ఎనిమిది మంది సర్దుకునే మగవాళ్లకు వండిపెట్టడం నా పని. కింద మెస్సు, పైన మా రెండు గదులు. మాకు ఒక్కతే కూతురు, రవళి. ఇక్కడే పుట్టింది, గుజరాతీ బడిలో చదివింది. ఈ నోటుపుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది ఆమే.

"మమ్మీ, హాస్పిటల్ల ఆంటీలకు గంటలు గంటలు లెక్చర్ ఇస్తవ్ కదా, అదే లిఖ్ దో. ఎవలకన్న కామ్ కొస్తది," అంది.

రాస్తాను. కానీ కూర్చున్నాక తెలిసింది, నాకు రాయాలనిపిస్తున్నది జబ్బు గురించి అంత కాదు. మా అమ్మ మోసుకొచ్చిన బియ్యం గురించి.

తెలియనివాళ్లకు చెప్పాలి. మా వైపు పెళ్లయిన ఆడబిడ్డను పుట్టింటికి పిలిచి ఒడిబియ్యం పోస్తారు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పసుపుకొమ్ములు, పోకలు ఒడిలో పోసి, చీర పెట్టి, కడుపునిండా తినిపించి పంపుతారు. తల్లి పోస్తుంది, వదిన పోస్తుంది, వాడకట్టులో ముత్తయిదువలు పోస్తారు. ఆ బియ్యం తెచ్చుకుని అత్తింట్లో వండి నలుగురికి పెట్టుకోవాలి. పెళ్లయిన మూడో ఏడు, అయిదో ఏడు, ఆ తర్వాత కొన్నేళ్లకొకసారి. ఎప్పుడు పోసినా బేసి ఏడే కావాలి. సరి ఏట పోయరు. ఎందుకని అడిగితే మా అమ్మకూ తెలియదు, వాళ్లమ్మకూ తెలియదు.

దూరదేశంలో ఉన్న ఆడదానికి అది ఎంత ఆశో మగవాళ్లకు చెప్పినా అర్థం కాదు. ఒడి కట్టుకుని పీట మీద కూర్చున్న ఆ గంటసేపు నేను ఎవరి పెళ్లాన్నీ కాదు, ఎవరి తల్లినీ కాదు, ఎవరికీ వండిపెట్టేదాన్నీ కాదు. నా పెళ్లి 1993 వైశాఖంలో అయింది. తొమ్మిదో ఏట చివరిసారి పోశారు. మళ్లీ పదమూడో ఏట పోయాలని అమ్మ అనుకుంది. ఆ ఏడంతా నేను ఆసుపత్రి బెంచీల మీదే గడిపాను.

2004 వానాకాలంలో స్నానం చేస్తుంటే రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేనిదాన్ని ఎవరు పట్టించుకుంటారు. మెస్సు నడిపేదానికి జ్వరం తెచ్చుకోవడానికే తీరిక ఉండదు. మూడు నెలలు మా ఆయనకు కూడా చెప్పలేదు. ఇది చదివే ఆడవాళ్లకు నేను చెప్పగల వైద్యం ఒక్కటే, నొప్పి లేని గడ్డనే ముందు చూపించుకోండి.

ఆపరేషన్ అయింది. తర్వాత కీమో. పెద్దాసుపత్రిలో జబ్బుకంటే ముందు గెలవాల్సింది కేస్ పేపరు చీటీ ఇచ్చే వరుసను. తలుపు తీసేది ఎనిమిదింటికి, వరుస మాత్రం ఏడింటికే గేటు దాటి ఉంటుంది. ఆ వేళకు నేను రొట్టెల దగ్గర ఉండాలి, మా ఆయన పాళీకి, అంటే షిఫ్టుకు, పోవాలి. రాత్రి పాళీ దిగిన మా మెస్సువాళ్లు వాళ్లలో వాళ్లే వంతులేసుకున్నారు. పన్నెండు గంటలు మగ్గాల మధ్య నిలబడి వచ్చిన మనుషులు, నాకోసం మళ్లీ వరుసలో నిలబడేవాళ్లు. ఎక్కువసార్లు కనకయ్యే వచ్చేవాడు. మెస్సులో అందరికంటే పెద్దవాడు, ఇరవై ఏళ్లుగా సూరత్‌లో ఉన్నవాడు. నేను ఆటో దిగేసరికి కాగితం నా చేతిలో పెట్టేవాడు.

"పదకొండో నంబర్ చెల్లె. జర జల్ది పో," అని చెప్పి, కళ్లు నులుముకుంటూ పడుకోవడానికి పోయేవాడు.

కీమో జుట్టు తీసుకుపోతే ఏడవలేదు. నాలుక తీసుకుపోతే ఏడ్చాను. ఉప్పు తెలియదు, కారం తెలియదు, మామిడికాయ పప్పు నోట్లో పెట్టుకుంటే తడిమట్టి. వండేదానికి ఇంకేం మిగిలింది. ఒకరోజు పచ్చిపులుసులో ఉప్పు రెండుసార్లు వేశాను. ముప్పై మంది తలలు వంచుకుని తిన్నారు, ఒక్కరు నోరెత్తలేదు. నీళ్ల డ్రమ్ము ఖాళీ అయ్యాక గానీ నాకు తెలియలేదు. ఆ రోజు నుంచి కనకయ్య తినేముందు గరిటెతో కొంచెం చేతిలో వేసుకుని రుచి చూసి తల ఊపడం అలవాటైంది. అతను తల ఊపితేనే వడ్డించేదాన్ని.

ఆ ఏడు గడిచింది. జుట్టు మళ్లీ మొలిచింది. గెలిచాననుకున్నాను.

2006 మార్చిలో నడుము నొప్పి మొదలైంది. అన్నం వండే పెద్ద గిన్నె, ఆ గంజు దించడం వల్ల అనుకున్నాను. నెల రోజులైనా తగ్గకపోతే స్కానింగ్ రాశారు. కాగితాలు చూసిన డాక్టరు నన్ను బయట కూర్చోమని మా ఆయనను లోపలికి పిలిచాడు. ఆయన చాలాసేపటికి బయటకు వచ్చాడు.

"ఏం లేదంట. దవాయి మారుస్తడంట," అన్నాడు.

మా ఆయనకు అబద్ధం చాతగాదు. పదమూడేళ్లుగా నా మాటకు అడ్డం చెప్పనిదే అన్నం సహించని మనిషి, ఆ రోజు నుంచి నేనేమన్నా సరే అనడం మొదలుపెట్టాడు. గోడకు పచ్చరంగు వేద్దామంటే సరే. మీ అక్కను ఈసారి పిలవద్దంటే సరే. వారం రోజులు చూశాను. మళ్లీసారి డాక్టరు దగ్గరికి నేనొక్కదాన్నే పోయి, నాకొచ్చిన హిందీలో అడిగాను. ఆయన నా రిపోర్టు మీద చెయ్యి పెట్టి, ఎముకల్లోకి వచ్చిందని, ఏడాది అనుకొమ్మని, మందులు పనిచేస్తే ఇంకొంత అని చెప్పాడు. నేను లేచి, బయట బెంచీ మీద కూర్చున్నాను. పక్కన జోల్వా నుంచి వచ్చిన ఒక ముసలమ్మ ఉంది. ఆమె మాట్లాడేది గుజరాతీ. నా ముఖం చూసి ఏమీ అడగలేదు, తన కొంగు నా మోకాళ్ల మీద కప్పి ఫ్యాను వేరేవైపు తిప్పింది. నాకు వణుకు పుట్టిందని నాకంటే ముందు ఆమెకు తెలిసింది.

జూన్‌లో అమ్మ, మల్లేశమన్న చెప్పకుండా వచ్చారు. అమ్మ వరంగల్ దాటింది ఎరగదు. ఒక పగలూ ఒక రాత్రీ బండిలో కూర్చుని వచ్చింది. ఆటో దిగి, మెస్సు పక్కన మెట్లెక్కుతూ రెండుసార్లు మధ్యలో కూర్చుండిపోయింది. పైన నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను, మళ్లీ జుట్టు ఊడిన తలతో. నన్నిట్లా చూసి అమ్మ కాళ్లు చచ్చుబడ్డాయనుకున్నాను. పైకి వచ్చాక నా తల నిమిరి, "సొరకాయ లెక్క నున్నగున్నది," అంది. ఇద్దరం నవ్వాం. ఆ పొద్దంతా ఆమె ఒళ్లో తల పెట్టుకుని పడుకున్నాను. వంట రవళి, పక్కింటి ఆమె కలిసి చేశారు. రోగం వచ్చాక అంత సుఖంగా ఒక్క రోజు గడవలేదు.

మర్నాడు పొద్దున అన్న సంచి విప్పాడు. ఆకుపచ్చ చీర, కుడుకలు, ఖర్జూరాలు, పసుపుకొమ్ములు. పక్కన తెల్లగుడ్డలో మూటకట్టిన బియ్యం.

"ఎల్లుండి మంచి రోజున్నది చెల్లె. ఇక్కడ్నే పోస్తం. నువ్వు గంత దూరం రాలేవు గద," అన్నాడు.

నేను వేళ్లు మడిచాను.

"ఇది పద్నాలుగో ఏడు అన్నా."

"ఏమైతది తియ్యి. ఈడ ఎవలు లెక్కవెడుతున్నరు."

"వచ్చే ఏడు వైశాఖంల పోయొచ్చు గద. నేనే వస్త."

అన్న నేల చూశాడు. మా ఆయన కిటికీలోంచి రోడ్డు చూస్తున్నాడు. ఆ గదిలో ఒక్కరు కూడా వచ్చే ఏడు అన్న మాట పలకలేదు. నాకు ఒళ్లు భగ్గుమంది. నాకు ఏడాది అని డాక్టరు చెప్పింది వీళ్లకు తెలిసిపోయింది. బేసి ఏటికి ఇది ఉండదు, ఉండగానే పోసి ఆ రుణం తీర్చుకుందాం అనుకున్నారు. నేను బతుకుతానా అని నన్ను నేను అడుగుతున్న రోజుల్లో, మా ఇంటివాళ్లు జవాబు మూటకట్టి తెచ్చారు.

"నేను సచ్చిపోతనని ముందుగాల్నే పని ముగిచ్చుకోను వచ్చిన్రా?" అన్నాను.

"గట్ల గాదు బిడ్డా," అంది అమ్మ. ఇంకేదో అనబోయి అన్న వైపు చూసింది. "నా చేత్తోటి ఒక్కపారి పోద్దామనిపిచ్చింది. గంతే."

"వచ్చే ఏడు నీ చేత్తోనే పొయ్యి. నేను బతికే ఉంట. ఈ బియ్యం వాపస్ తీస్కపోండ్రి."

అమ్మ మూటను ఒళ్లోకి లాక్కుని కూర్చుని, దాని ముడి మళ్లీ బిగించింది. తర్వాత, "పసుపు ఇంక కలుపలే. ఒట్టి బియ్యమే అనుకో. మెస్సుల వండు బిడ్డా. మల్ల మోస్కపోను నాతోని కాదు," అంది.

నిష్ఠూరం అనుకున్నాను. నేను కూడా ఆమె బిడ్డనే, పట్టుదలకు తక్కువ లేదు. రెండు రోజుల తర్వాత వాళ్లు బండెక్కారు. మధ్యాహ్నం భోజనాల వేళ అని సాకు చెప్పి స్టేషనుకు పోలేదు. అమ్మ మెట్లు దిగుతుంటే వంటింట్లోంచి చూశాను. కింద మెస్సులో తింటున్నవాళ్లందరినీ పేరుపేరునా ఏ ఊరు నాయనా అని అడిగి, ఒక్కొక్కరి దగ్గరా ఆగి పోయింది.

ఆ మర్నాడు ఆ బియ్యం తీసుకుపోయి మెస్సు గంజులో పోశాను. ఒక్క పూటకు సరిపోయాయి. కనకయ్య రెండోసారి వడ్డించుకుని, "ఇయ్యాల మనదిక్కు బువ్వ వాసనొస్తున్నది చెల్లె," అన్నాడు. అందరూ ఇష్టంగా తిన్నారు. నేను తిన్నానో లేదో నాకు గుర్తు లేదు. తిన్నా నాకు రుచి తెలిసేది కాదు.

ఒక మాట ఒప్పుకోవాలి. ఆ కోపం నన్ను మందుకంటే ఎక్కువ లేపి నిలబెట్టింది. వచ్చే వైశాఖం దాకా బతికి వీళ్లందరి ముఖాలూ చూడాలి, అంతే. నడుముకు కరెంటు పెట్టారు, అదే రేడియేషన్, ఇక్కడివాళ్లు సేక్ అంటారు. పొద్దున సేక్, పది గంటలకు కూరగాయల మండీ, పన్నెండుకు వడ్డన. ఆగస్టులో తాపీ నది పొంగి ఊళ్లోకి వచ్చింది. మెస్సులో నడుము లోతు నీళ్లు. మిద్దె మీద మూడు రాళ్లు పెట్టి, తడిసిన కట్టెలతో రెండు రోజులు కిచిడీ వండాను. చుట్టుపక్కల గుజరాతీవాళ్లకు, ఒడియావాళ్లకు కూడా పైనుంచి తాడు కట్టి బకెట్లలో దింపాం. ఆసుపత్రికి దారి లేక నాకు ఎక్కించాల్సిన బాటిల్ వారం ఆలస్యమైంది. ఆ వారమంతా నాకు క్యాన్సర్ ఉందన్న సంగతే మరిచిపోయాను.

అమ్మ ప్రతి ఆదివారం అన్న సెల్లులోంచి మాట్లాడేది. మొదట్లో ముక్తసరిగా ఉన్నాను. తర్వాత కరిగాను. నడుము ఎట్లుంది, తిన్నవా, జుట్టు వచ్చిందా అని ఆమె అడిగేది. నేను చెప్పేదాన్ని. రక్తం ఎంత ఉందో, డాక్టరు ఏమన్నాడో, ఏ మాత్రకు కడుపులో తిప్పుతుందో పూసగుచ్చినట్టు చెప్పేదాన్ని. అమ్మ ఊఁ కొడుతూ వినేది. మధ్యమధ్యలో ఆగి ఊపిరి తీసుకునేది. ఫోను మాట్లాడడం అలవాటు లేక అనుకునేదాన్ని. చివరికి ఎప్పుడూ, "వైశాఖంకు ఎన్ని దినాలున్నయ్?" అని అడిగేది. ఇద్దరం లెక్కపెట్టేవాళ్లం.

మందులు పనిచేశాయి. కొత్త సంవత్సరం స్కానింగులో జబ్బు పోలేదు గానీ ముందుకు కదల్లేదు. ఉన్నచోటే కూర్చుంది అన్నాడు డాక్టరు. కూర్చోనీ, నాకైతే కూర్చునే తీరిక లేదు అన్నాను. 2007 వైశాఖంలో మంచి రోజు చూసి అన్న కబురు చేశాడు. ముగ్గురికీ టికెట్లు తీసుకున్నాం. నాకు పచ్చగాజులు కావాలని రవళి అమ్రోలి దాకా పోయి తెచ్చింది. పదిహేనో ఏడు పడింది. నేను బతికే ఉన్నాను.

ఇంకా పన్నెండు రోజులుందనగా, పొద్దున పది గంటలప్పుడు ఉల్లిగడ్డలు కోస్తున్నాను. మా ఆయన పాళీ మధ్యలో లేచి ఇంటికి వచ్చాడు. ఎప్పుడూ రాని వేళ. నా చేతిలో కత్తి తీసి పక్కన పెట్టాడు.

"అత్తమ్మ పోయింది," అన్నాడు.

ఆయన తప్పు చెబుతున్నాడని, మా ఇంట్లో పోవాల్సింది నేను కదా అని అనిపించింది. నిజంగా అదే అనిపించింది. పొద్దున వాకిలి ఊడ్చి అరుగు మీద కూర్చుని అట్లనే ఒరిగిందట. మేం ఊరు చేరేసరికి అంతా అయిపోయింది. బాపు, మా నాన్న, ఒక మూల కూర్చుని ఉన్నాడు. అమ్మ లేని ఇంట్లో నన్ను చూసి అందరూ కొత్తగా ఏడ్చారు. అట్లా బతికి ఉన్నందుకు సిగ్గనిపించింది.

అమ్మ సంవత్సరీకం అయ్యేదాకా ఆ ఇంట్లో శుభకార్యం లేదు. పదిహేనో ఏడు అట్లా పోయింది. తర్వాత పడింది పదహారో ఏడు. మళ్లీ సరి. అన్న ఫోను చేసి, భయంభయంగా, "ఏం జేద్దాం చెల్లె" అన్నాడు. పదిహేడో ఏటికి వస్తానన్నాను. డాక్టరు చెప్పిన ఏడాది దాటిపోయి అప్పటికే చాలా రోజులైంది.

ఆ రెండేళ్లూ నేను ఎట్లా ఉన్నాను అంటే, బతికాను. మంచం మీద కాదు. బరువు ఎత్తొద్దన్నారు కాబట్టి పాళీకి పోయేముందు ఎవరో ఒకరు గంజు దించిపోతారు. నిలబడి రొట్టె చేయలేను కాబట్టి ఎత్తు పీట చేయించుకున్నాను. నెలకోసారి ఎముకల ఇంజెక్షన్. ఆ రోజు వేయింపులు ఉండవు, పప్పుచారే. నా నాలుక తిరిగి వచ్చింది, కనకయ్య రుచి చూసే ఉద్యోగం పోయింది. బతుకమ్మ రోజుల్లో మా గల్లీ ఆడవాళ్లతో మూడు చుట్లు తిరిగి కూర్చునేదాన్ని. రవళి పక్క గల్లీలో గర్బా ఆడి వచ్చి మిగతా చుట్లు నా బదులు తిరిగేది. ఆసుపత్రిలో కొత్తగా వచ్చి బిక్కుబిక్కుమంటూ కూర్చున్నవాళ్ల పక్కన చేరి నా సంగతంతా చెప్పేదాన్ని. ఎన్నేళ్లని అడిగితే వేళ్లు చూపించేదాన్ని. వాళ్ల ముఖంలో రంగు రావడం చూస్తే నాకు ఒక పూట తిండి తిన్నట్టుండేది.

కానీ అమ్మ మీద బెంగ ఎక్కడా తగ్గలేదు. మండీలో బియ్యం బస్తా విప్పి పిడికెడు చేతిలోకి తీసుకుంటే చాలు. తెల్లగుడ్డ మూట ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మనిషి కళ్ల ముందుకు వచ్చేది. ఒక్క పిడికెడు దాచుకున్నా బాగుండేది. ఆరోజు వాటిని గంజులో పోసిన చేతిని ఏం చేసుకోను.

ఈ ఏడు, 2009 వైశాఖంలో పోయాం. వాకిట్లో ముగ్గు వేసి పీట వేశారు. నేను, మా ఆయన పక్కపక్కన కూర్చున్నాం. అమ్మ పోయాల్సిన మొదటి దోసిలి సుజాత వదిన పోసింది. నడుము నొప్పికి ఆసరాగా ఒక దిండు పెట్టారు. ఒడి బరువెక్కుతుంటే నాకు సంతోషమే కలిగింది, అబద్ధం ఎందుకు. వదిన కొంగు ముడివేస్తూ మామూలు మాటలా అంది.

"అత్తమ్మ ఉంటే ఎంత సంబురపడునో. అప్పుడు సూరత్ పోవద్దని డాక్టర్ ఎంత చెప్పినా ఇన్నదా. గుండె సగమే పనిచేస్తాందన్నంక గూడ బండెక్కుత అని ఒక్కటే పట్టు."

"ఏ డాక్టర్?" అన్నాను.

వదిన చెయ్యి ఆగిపోయింది. అన్న వైపు తిరిగి, "నువ్వు చెప్పలేదా ఇంక?" అంది.

అన్న వచ్చి నా ముందు గొంతుక్కూర్చున్నాడు. అతని కళ్లు నిండాయి.

"హన్మకొండల చూపిచ్చినం చెల్లె, నీ దగ్గరికి రాకముందు నెల. ఇగ ఎక్కువ రోజులు లేవన్నడు. నీకు చెప్పద్దని నాతోని ఒట్టు వెట్టిచ్చుకున్నది. దాని బాధలు దానికున్నయ్, నా సంగతెందుకు అన్నది. సరి ఏడు గదనే అవ్వా అన్న. నాకు ఇంక బేసి ఏడు దొరకది కొడుకా, నా బిడ్డ ఒడి నేను నింపిపోత అన్నది. తను పోయినంక చెప్దామంటే నీ పానం ఏమైతదో అని భయమైంది."

నాకు లేవడం చాతకాలేదు. దేవుడికి మొక్కాలి లే అన్నారు. వదిన ఒక వైపు, మా ఆయన ఒక వైపు పట్టుకుని లేపారు. నొప్పి నడుముది అనుకున్నారు.

అమ్మ నా చావును చూసి రాలేదు. తన చావును చూసుకుని వచ్చింది. నా దగ్గర దాని మాట ఎత్తలేక, నా మాటలన్నీ పడి, మెట్లు దిగిపోయింది. ఆ తర్వాత పదకొండు నెలలు, ప్రతి ఆదివారం, సగం గుండెతో నా రోగం కథలు విని ఊఁ కొట్టింది. వైశాఖంకు ఎన్ని రోజులున్నాయని ఆమె అడిగింది నా కోసం కాదు. ఎట్లాగైనా ఆ రోజు దాకా ఉండాలని చూసింది. పన్నెండు రోజులు తక్కువపడ్డాయి.

నాలాంటి రోగం ఉన్నవాళ్లకు ఇదే నేను చెప్పదలచుకున్నది. ధైర్యంగా ఉండండి, పని మానకండి, ఇవన్నీ అందరూ చెబుతారు. నేను చెప్పేది వేరు. పెద్దరోగం మనిషికి ఒక గర్వం తెస్తుంది. ఇంట్లో పోబోయేది నేనొక్కదాన్నే, తక్కినవాళ్లందరూ రాళ్లలాగా ఉండిపోతారు అనిపిస్తుంది. గడప తొక్కినవాళ్లందరూ మన కోసమే వచ్చారనిపిస్తుంది. నేను అట్లానే అనుకున్నాను.

సూరత్ వచ్చి ఆ బియ్యం వండాను. గల్లీలో ఆడవాళ్లను పిలిచాను, మెస్సులో అందరికీ పెట్టాను. నాకు రుచి తెలిసింది, మన దిక్కు బియ్యమే. ఆ మర్నాటి నుంచి ఒక అలవాటు చేసుకున్నాను. కనకయ్య తినడానికి వస్తే, వడ్డించేముందు అతని దగ్గు ఎట్లుందో అడుగుతాను. అన్న ఫోను చేస్తే, నా సంగతి చెప్పకముందే షుగర్ చూపించుకున్నావా అని అడుగుతాను. ఆసుపత్రి బెంచీ మీద నా పక్కన రోగి కూర్చుంటే, రోగిని తీసుకొచ్చిన మనిషిని పలకరిస్తాను, నీ ఒంట్లో ఎట్లుందమ్మా అని. వాళ్లు తెల్లబోతారు. కొందరు నవ్వుతారు. ఒకామె అక్కడే ఏడ్చింది, ఏడాది నుంచి ఆమెను ఎవరూ అడగలేదట.

మా అమ్మ మా ఇంట్లో మూడు రోజులు ఉంది. నేను అడగలేదు.